తీర్పరికి తీర్పు: ఫ్రాన్సిస్ బేకన్ జీవితము

1621వ సంవత్సరము మే నెల 3వ తేదీన ఇంగ్లండు ప్రభువులసభ ఒక న్యాయమూర్తికి శిక్ష విధించెను. అంతకు కొన్ని వారములకు ముందువరకు ఆ సభకే అధ్యక్షత వహించినవాడు ఆయన. 40,000 పౌనుల జరిమానా, రాజునకు దయ కలుగువరకు లండను టవరులో ఖైదు, ఇక జీవితాంతము ప్రభుత్వోద్యోగము గాని పార్లమెంటు సభ్యత్వము గాని లేకుండుట, రాజాస్థానమునకు 12 మైళ్ల దాపునకు రాకుండుట - ఇది శిక్ష. న్యాయస్థానమున వ్యాజ్యెములు నడుపుకొనుచున్న కక్షిదారులవద్ద ధనము పుచ్చుకొనుట నేరము. ముద్దాయి పేరు ఫ్రాన్సిస్ బేకన్. పదవి లార్డ్ ఛాన్సలరు. నాటి ఇంగ్లండులో న్యాయశాఖకు అంతకు మించిన పదవి లేదు.

దానికి ఏడు నెలలకు ముందు, 1620 అక్టోబరులో, ఈ బేకనే లాటిను భాషలో నోవమ్ ఆర్గనమ్ అను గ్రంథమును ప్రకటించెను. మనుష్యుని బుద్ధి తీర్పు చెప్పునపుడు ఎక్కడెక్కడ కాలు జారునో, జారినట్లు తనకే తెలియకుండ ఎట్లు జారునో, ఆ గ్రంథము విప్పి చెప్పినంత నిశితముగ చెప్పిన గ్రంథములు బహు స్వల్పము. మన పాఠ్యపుస్తకములు బేకనును వ్యాసకర్తగను, ప్రయోగవిజ్ఞానమునకు దారి చూపినవానిగను పరిచయము చేసి, లంచముల సంగతిని ఒక్క వాక్యముతో దాటవేయును. మెకాలే 1837లో వ్రాసిన దీర్ఘవ్యాసమున ఆయన బుద్ధిని ఆకాశమున కెత్తి, శీలమును పాతాళమున పడద్రోసెను. ఇట్లు మనిషిని రెండుగ చీల్చుటవలన అసలు ప్రశ్న మరుగున పడుచున్నది. మనస్సు చేయు మోసములను అంతగా ఎరిగినవాడు తన మనస్సు చేతిలో తానే ఎట్లు మోసపోయెను?

ఫ్రాన్సిస్ బేకన్ 1561 జనవరి 22వ తేదీన లండనులో యార్క్ హౌస్ అను భవనమున జన్మించెను. తండ్రి సర్ నికొలాస్ బేకన్ ఎలిజబెత్ రాణికి రాజముద్రాధికారి. తల్లి ఆన్ లాటిను, గ్రీకు భాషలు నేర్చిన విదుషి. లాటినునుండి ఆమె చేసిన మతగ్రంథానువాదము నాడు గౌరవము పొందినది. ఆమె సోదరి భర్త రాణికి ముఖ్యమంత్రియగు బర్లీ ప్రభువు. ఇంతటి ఇంట పుట్టిన బాలుడు పండ్రెండవయేట కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాలకు పంపబడెను. అక్కడ బోధించిన అరిస్టాటిల్ తర్కము వాదములలో గెలుచుటకే గాని లోకమున ఒక్క క్రొత్త వస్తువును కనుగొనుటకు పనికిరాదని ఆ వయస్సుననే ఆయనకు విసుగు కలిగెనని, తరువాతికాలమున ఆయన జీవితము వ్రాసిన రాలీ చెప్పుచున్నాడు.

పదునెనిమిదవయేట రాయబారి పరివారముతో ఫ్రాన్సులో ఉండగా 1579 ఫిబ్రవరిలో తండ్రి హఠాత్తుగ మరణించెను. కడగొట్టు కుమారునికి ఏర్పాటు చేయదలచిన ఆస్తి ఏర్పాటు కాకయే పోయెను. గొప్ప ఇంటి అలవాట్లు, చిన్న ఆదాయము - ఈ రెంటి నడుమ ఆయన బ్రతుకంతయు అప్పులలో గడచెను. న్యాయవాద పట్టా పుచ్చుకొని, 1581 మొదలు పార్లమెంటులో కూర్చుండి, పినతండ్రివరుసయగు బర్లీకి అర్జీలమీద అర్జీలు పెట్టుకొనెను. ఒక మంచి ఉద్యోగము దొరకినచో మిగిలిన కాలమంతయు విజ్ఞానసంస్కరణకు ధారపోయుదునని ఆయన కోరిక. అది నటన కాదు. కాని ఉద్యోగము విజ్ఞానమునకు సాధనమను మాట చెప్పుకొనుచు చెప్పుకొనుచు, సాధనమే జీవితమైపోవు ప్రమాదమును ఆయన గుర్తింపలేదు. 1593లో రాణి కోరిన పన్నును అంత తక్కువ వ్యవధిలో వసూలు చేయరాదని సభలో నిర్భయముగ పలికెను. రాణికి కోపము వచ్చెను. ఆ ధైర్యమును ఆమెయెడ ఆయన మరల చూపినట్లు కనబడదు.

ఆ దినములలో ఆయనను ఆదరించినవాడు ఎసెక్సు ప్రభువు. యువకుడు, అందగాడు, రాణికి ప్రియుడు, తొందరపాటు మనిషి. బేకనుకు అటార్నీ జనరలు పదవి ఇప్పింప ఆయన రాణిని ఎంతయో వేధించెను. 1594లో ఆ పదవి ఎడ్వర్డు కోక్‌కు పోయెను. తరువాతి చిన్న పదవి కూడ మరియొకనికే దక్కెను. మనస్సు నొచ్చుకొనిన ఎసెక్సు తన భూమిని కొంత బేకనుకు బహుమతిగ నిచ్చెను. బేకను దానిని 1,800 పౌనులకు అమ్ముకొనెను. అప్పటికిని బాకీలు తీరక 1598లో ఒక స్వర్ణకారుని అప్పు క్రింద నిర్బంధింపబడెను.

ఐర్లండు దండయాత్రలో విఫలుడై రాణి ఆగ్రహమునకు గురియైన ఎసెక్సు 1601 ఫిబ్రవరి 8వ తేదీన లండను వీధులలో తిరుగుబాటు లేవదీసెను. అది ఒక్కపూటలో చల్లారెను. ఫిబ్రవరి 19న విచారణ. రాజపక్షమున వాదించినవారిలో బేకన్ ఒకడు. ప్రధానవాదియగు కోక్ ఆవేశముతో ఎక్కడెక్కడికో పోవుచుండగా, బేకన్ లేచి వాదమును మరల దారిలోనికి తెచ్చెను. శత్రువులకు వెరచి ప్రాణరక్షణకై వీధిలోనికి వచ్చితినని ఎసెక్సు చెప్పినది వట్టి సాకు అని చల్లగా, సప్రమాణముగ నిరూపించెను. ఫిబ్రవరి 25న ఎసెక్సు శిరచ్ఛేదము జరిగెను. పిమ్మట ప్రభుత్వముకొరకు ఎసెక్సు ద్రోహములను గూర్చిన ప్రకటనను వ్రాసినవాడును బేకనే. తిరుగుబాటుదారులలో ఒకనికి పడిన జరిమానానుండి ఆయనకు 1,200 పౌనులు ముట్టెను.

చట్టప్రకారము బేకన్ చెప్పినది సత్యము. ఎసెక్సు చేసినది రాజద్రోహమే. 1604లో ఆయన ఒక సమర్థన గ్రంథము ప్రకటించుచు, స్నేహముకంటె రాజభక్తి మిన్న గనుక తాను చేసినది ధర్మమని వాదించెను. ఆ వాదమున పొరపాటు పట్టుట సులభము కాదు. కాని ధర్మమని తోచినదియు, తనకు లాభమైనదియు ఒకే దిక్కున ఉన్నప్పుడు బుద్ధి వేగముగ నడచుననుట ఆయన తరువాత వ్రాసిన గ్రంథమందలి మాటకు సరిపోవును. లోకులు ఆ సమర్థనను చదివిరి గాని ఎసెక్సు ఇచ్చిన భూమిని మరువలేదు.

1603లో జేమ్సు రాజు సింహాసనమెక్కుటతో తలుపులు తెరచుకొనెను. 1607లో సొలిసిటరు జనరలు, 1613లో అటార్నీ జనరలు, 1617లో రాజముద్రాధికారి, 1618లో లార్డ్ ఛాన్సలరు. ఈ మెట్లను వివరించుట అనవసరము. ఒక్క ఘట్టము మాత్రము చెప్పవలసియున్నది. పీచమ్ అను వృద్ధ మతబోధకుని ఇంట రాజును దూషించు ఉపన్యాసము వ్రాతప్రతిగ దొరకెను. దానిని ఆయన ఎన్నడును చదివి వినిపింపలేదు. వృద్ధుని చిత్రహింసలు పెట్టి ప్రశ్నించినవారిలో బేకన్ ఉండెను. అది రాజద్రోహమగునా యని న్యాయమూర్తులను ఒక్కచోట చేర్చక, ఒక్కొక్కరిని వేరువేరుగ అడిగి అభిప్రాయము రాబట్టవలెనని రాజు తలచెను. ఆ పనికి బేకన్ పూనుకొనెను. ఇది ఆచారవిరుద్ధమని కోక్ అడ్డుచెప్పెను. న్యాయమూర్తులు ఒకరి మాట విని ఒకరు మొగ్గకుండుటకు వేరువేరుగ అడుగుట మేలని నేడు కొందరికి తోచవచ్చును. కాని అడుగువాడు రాజు మనిషియైనప్పుడు ఒంటరివాని అభిప్రాయము మరింత సులభముగ వంగునని కోక్ గ్రహించెను. మనస్సును గూర్చి గ్రంథము వ్రాయని కోక్‌కు అది తెలిసినది.

ఇక ఆ గ్రంథము. పగలు కచేరీ, సాయంత్రము రాజసభ, మిగిలిన గడియలలో బేకన్ దీనిని ఏండ్ల తరబడి దిద్ది వ్రాసెను. ముఖపత్రముపై సముద్రద్వారమున రెండు స్తంభముల నడుమనుండి మహాసముద్రములోనికి సాగు ఓడ బొమ్మ ఉండును. మనస్సున తిష్ఠ వేసికొనియున్న భ్రాంతులను ఆయన నాలుగు తెగలుగ విభజించెను. వానికి పెట్టిన లాటిను పేరునకు విగ్రహము, ఛాయ, భ్రాంతిరూపము అను అర్థములన్నియు వచ్చును. మాటల అస్పష్టతవలన పుట్టునవి అంగడి విగ్రహములు. పూర్వసిద్ధాంతములను నాటకమువలె చూచి నమ్ముటవలన పుట్టునవి రంగస్థల విగ్రహములు. ఒక్కొక్కని చదువు, పెంపకము, ఇష్టాయిష్టములవలన పుట్టునవి గుహావిగ్రహములు. ఈ మూటికంటె లోతైనవి జాతివిగ్రహములు, అనగా మనుష్యజాతి కంతకును పుట్టుకతో వచ్చిన దోషములు.

వానిలో మొదట చెప్పదగినది ఇది. బుద్ధి ఒక అభిప్రాయమును ఒకసారి స్వీకరించెనా, పిమ్మట దానికి అనుకూలమైనవానినే చేరదీయును. ప్రతికూలమైనవి ఎన్ని యున్నను చూడదు, చూచినను ఏదో భేదము కల్పించి త్రోసివేయును. దీనికి ఆయన ఒక ప్రాచీన కథను ఎత్తుకొనెను. తుపానులో చిక్కి, దేవతకు మ్రొక్కుకొని, ప్రాణములతో బయటపడినవారి పటములు ఒక గుడిలో వ్రేలాడదీసియుండెను. వానిని ఒకనికి చూపి, ఇప్పుడైనను దేవత మహిమను ఒప్పుకొందువా యని అడిగిరట. మ్రొక్కుకొనియు మునిగిపోయినవారి పటము లెక్కడ నున్నవని ఆతడు ఎదురడిగెను. శకునములు, కలలు, జ్యోతిషము అన్నియు ఇట్లే నిలుచుచున్నవని బేకన్ మతము. తుమ్మిన దినమున చెడిన పని మనకు పదేండ్లు జ్ఞాపకముండును. తుమ్మినను చక్కబడిన పనులను ఎవ్వరును లెక్క వ్రాసి పెట్టుకొనరు.

1960లో లండనులో పీటర్ వేసన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగముచేత చూపెను. ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూడదగిన ప్రయోగమది. 2, 4, 6 అను సంఖ్యలు ఒక నియమమునకు లోబడియున్నవని చెప్పి, వేరు సంఖ్యలను మూడేసి చొప్పున ప్రతిపాదించుచు ఆ నియమమును కనుగొనుమని విద్యార్థులను కోరెను. రెండేసి చొప్పున పెరుగు సంఖ్యలని ఊహించినవారు 8, 10, 12 అని చెప్పుదురు, సరియే. 20, 22, 24, అదియు సరియే. అంతటితో తమ ఊహ రుజువైనదని ప్రకటింతురు. అసలు నియమము, ఒకదానికంటె ఒకటి పెద్దవగు మూడు సంఖ్యలు అని మాత్రమే. తన ఊహను చెడగొట్టగల 1, 2, 3 వంటి వరుసను పరీక్షించినవానికే అది బయటపడును. అట్లు పరీక్షించినవారు తక్కువ.

బేకన్ చెప్పిన మరి రెండు దోషములు మన కథకు కావలసినవి. ఒకటి: హఠాత్తుగ మనస్సునకు తగిలి ఊహను నింపివేయు సంగతులనుబట్టి తక్కినవన్నియు అట్లే ఉండునని బుద్ధి తలచును. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అను పండితులు 1974లో ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున, సులభముగ జ్ఞప్తికి వచ్చినదానినే తరచుగ జరుగునదిగా ఎంచు అలవాటును వివరించిరి. ఇది దానికి దగ్గరి చుట్టము. రెండవది: బుద్ధి స్వచ్ఛమైన వెలుతురు కాదు, దానిలో కోరిక, గర్వము, భయము కలిసియుండును. ఏది నిజమైన బాగుండునని కోరుకొందుమో దానిని త్వరగా నమ్ముదుము. కోరిక బుద్ధిని రంగువేయు మార్గములు అసంఖ్యాకములు, ఒక్కొక్కప్పుడు కంటికి కానరానివి. అందుచేత ఏ అభిప్రాయము మనస్సునకు మిక్కిలి తృప్తి కలిగించునో దానినే ఎక్కువగా అనుమానింపవలెనని ఆయన సూత్రము చేసెను.

ఇక్కడ బేకన్ గొప్పతనము కనబడును. జాగ్రత్తగా ఆలోచింపుడని ఉపదేశించి ఊరకుండలేదు. ఒట్టి చేతితో సరళరేఖ గీయుట కష్టము. కొలబద్ద యున్నచో ఎవనికైనను సాధ్యము. బుద్ధికి కూడ అట్టి కొలబద్ద ఉండవలెనని ఆయన పట్టికలు కల్పించెను. ఉష్ణమనగా నేమో తెలిసికొనవలెనన్న, వేడియున్న వస్తువులన్నియు ఒక పట్టికలోను, వానిని పోలియుండియు వేడి లేనివి రెండవపట్టికలోను, వేడి హెచ్చుతగ్గులుగ నున్నవి మూడవదానిలోను వ్రాయవలెను. సూర్యకిరణములు మొదటి పట్టికలో, చంద్రకిరణములు రెండవదానిలో చేరినవి. చివరకు ఉష్ణము ఒకవిధమైన చలనమని ఆయన తేల్చినది నేటి విజ్ఞానమునకు మిక్కిలి దాపున నున్నది. రెండవ పట్టిక, అనగా లేమి పట్టిక, ఆయన పద్ధతికి ఆయువుపట్టు. తనంత తాను ఎవ్వడును వెదకని ప్రతికూల సాక్ష్యమును అది బలవంతముగ వెదకించును.

ఐనను ఆయన గుహలోనివి ఆయనకు ఉండనే ఉండెను. గణితముయొక్క బలమును తక్కువగ అంచనా వేసెను. భూమి తిరుగుచున్నదని చెప్పిన కోపర్నికస్‌ను అంగీకరింపలేదు. అయస్కాంతమును శోధించిన గిల్బర్టు దానినుండి ఒక సిద్ధాంతమునే అల్లెనని తప్పుపట్టి, గుహావిగ్రహమునకు ఉదాహరణగ చూపెను. గిల్బర్టు చేసిన ప్రయోగములు నేటికిని నిలిచియున్నవి.

1621 జనవరిలో బేకన్ సెయింట్ ఆల్బన్ వైకౌంటు అయ్యెను. ఆ నెలాఖరున పార్లమెంటు సమావేశమై అక్రమములను విచారింప మొదలిడెను. మార్చిలో ఆబ్రీ, ఎగర్టన్ అను ఇరువురు కక్షిదారులు ఫిర్యాదు చేసిరి. ఆబ్రీ 100 పౌనులు, ఎగర్టన్ 400 పౌనులు ఛాన్సలరునకు ముట్టజెప్పిరి. వారి ఆరోపణలోని విచిత్రమేమన, ధనము పుచ్చుకొనియు ఆయన ఇరువురకును ప్రతికూలముగనే తీర్పు చెప్పెను! ఆ సంగతియే బేకనుకు గొప్ప ఊరట. కానుక తన తీర్పును కదిలింపలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

నాటి ఆచారమును కూడ చెప్పవలెను. న్యాయమూర్తుల జీతము స్వల్పము; రుసుములు, నూతన సంవత్సరపు కానుకలు ఆదాయములో పెద్దభాగము. రాజునకు ఆప్తుడగు బకింగ్‌హాం విచారణలో ఉన్న వ్యాజ్యెములను గూర్చి ఛాన్సలరునకు సిఫారసు జాబులు వ్రాయుట పరిపాటి. బేకన్ నౌకర్లు యజమాని పేర వసూలు చేసికొనుచుండిరి. ఆయన వారిని అదుపులో పెట్టలేదు. ఆయన శత్రువులకు ఆయనకంటె బకింగ్‌హాంపై గురి ఎక్కువ యనుటయు సత్యమే. ఇవన్నియు చెప్పినను నేరము నేరముగనే నిలిచియుండును.

బేకన్ తన సమర్థనకు సిద్ధమగుచు, న్యాయమూర్తి పుచ్చుకొను ధనమును మూడు తరగతులుగ విభజించెను. తీర్పును మార్చుటకై బేరమాడి పుచ్చుకొనినది ఒకటి; వ్యాజ్యెము ముగిసినదో లేదో సరిగా విచారింపక పుచ్చుకొనినది రెండవది; ముగిసిన పిదప, కపటము లేక పుచ్చుకొనినది మూడవది. మొదటిదానిలో తాను నిర్దోషి ననియు, రెండవదానిలో తప్పు జరిగియుండవచ్చుననియు, మూడవది తప్పేకాదనియు ఆయన తలంపు. విగ్రహములను నాలుగు తెగలు చేసిన చేతి నేర్పే ఇక్కడను కనబడుచున్నది. కాని ఈ విభజనకు ఆధారము న్యాయమూర్తి తన ఉద్దేశమును గూర్చి తాను ఎరిగినది మాత్రమే. కోరిక బుద్ధికి కానరాకుండ రంగువేయునని చెప్పినవాడు, తన బుద్ధికి రంగు అంటలేదని తన బుద్ధినే సాక్షిగ పిలిచెను. ఆబ్రీ, ఎగర్టన్‌ల వ్యాజ్యెములు గుడిలోని పటములవంటివి. ధనమిచ్చి ఓడినవారు ఇరువురు కనబడుచున్నారు. ధనమిచ్చినవారిలో గెలిచినవారెందరో, ఈయలేనివారిలో ఓడినవారెందరో లెక్కించు లేమి పట్టికను ఆయన తన న్యాయస్థానమునకు వ్రాసికొనలేదు.

ఇది ఒక్క బేకన్ దౌర్బల్యమని అనుకొనుట పొరపాటు. ఎమిలీ ప్రోనిన్ మున్నగు పరిశోధకులు 2002లో ప్రకటించిన పరిశోధనలో, పక్షపాతముల వివరణ చదివినవారు అవి ఇతరులయందు హెచ్చుగను తమయందు తక్కువగను ఉన్నవని చెప్పిరి. జీవితమంతయు ఈ దోషములను పరిశీలించి 2002లోనే నోబెల్ బహుమానమందిన కానెమన్ సయితము, ఆ పరిజ్ఞానముచేత తన తీర్పులు చెప్పుకొనదగినంత బాగుపడలేదని తన 2011 నాటి గ్రంథమున అంగీకరించెను. పరాయివాని తప్పు మాత్రము త్వరగా కనబడుననియు వ్రాసెను. బేకన్ ఈ సంగతిని ప్రకృతిపరిశోధన విషయమున గ్రహించియే కొలబద్దలు కల్పించెను. న్యాయపీఠముపై మాత్రము ఒట్టి చేతితో గీత గీసెను.

ఆరోపణలు పెరిగి 28 అయ్యెను. వాని పూర్తిపాఠము చూచినపిమ్మట ఆయన వాదము మాని ఏప్రిలు 30న అంశములవారీగ తప్పు ఒప్పుకొనెను. ఆ సంతకము ఆయనదేనా యని తెలిసికొనుటకు ప్రభువులసభ ప్రతినిధులు జబ్బుతో ఉన్న ఆయన ఇంటికి పోయిరి. ఆ ఇల్లు యార్క్ హౌస్, ఆయన పుట్టిన భవనమే. టవరులో ఆయన ఉన్నది కొద్ది దినములు; జరిమానాను రాజు వసూలు చేయలేదు. యార్క్ హౌస్ చివరకు బకింగ్‌హాం వశమయ్యెను. తాను న్యాయము తప్పి తీర్పు చెప్పలేదనియు, ఐనను తనకు పడిన శిక్ష న్యాయమైనదే ననియు ఆయన రెండు మాటలను జతగా చెప్పెనని రాలీ భద్రపరచిన కాగితములవలన తెలియుచున్నది. ఆ రెండును కలిసి నిలుచునని ఆయన నిజముగ నమ్మినట్లే తోచుచున్నది.

మిగిలిన ఐదేండ్లు ఆయన ఎన్నడును ఎరుగని తీరిక. ఏడవ హెన్రీ చరిత్ర 1622లో వెలువడెను. 1623లో విజ్ఞానవర్ధనమును గూర్చిన లాటిను గ్రంథము. మొదట 1597లో పది వ్యాసములతో అచ్చుపడిన వ్యాససంపుటి 1625లో 58 వ్యాసములతో పెరిగెను. అందు ఉన్నతపదవిని గూర్చిన వ్యాసమున, అధికారి తన చేతులను, తన నౌకర్ల చేతులను పుచ్చుకొనకుండ కట్టుటయే కాక, ఇచ్చువారి చేతులను కూడ కట్టవలెనని వ్రాసియున్నది. తప్పునే కాక తప్పు చేసెనను అనుమానమును సైతము తప్పించుకొనవలెనట. శిక్ష అనుభవించినవాడు ఆ వ్యాసమును తీసివేయలేదు.

1626 వసంతమున చలి ఇంకను తగ్గని దినములలో, చలువవలన మాంసము చెడక నిలుచునేమో చూడదలచి, లండను సమీపమున హైగేటువద్ద బండి దిగి ఒక కోడి కడుపున మంచు కూర్చెనని కథ చెప్పుదురు. వస్తువులను చెడకుండ నిలుపు ప్రయోగమొకటి చేయుచు జబ్బుపడితినని ఆరండెలు ప్రభువునకు వ్రాసిన జాబు మాత్రము ఉన్నది. ఇంటికి పోలేక ఆ ప్రభువు మేడలోనే పడకవేసి ఏప్రిలు 9వ తేదీన మరణించెను. అప్పులు 20,000 పౌనులకు పైబడియుండెను. సెయింట్ ఆల్బన్స్‌లో సెయింట్ మైకేల్ దేవాలయమున ఆయన కార్యదర్శి మోటిస్ నిలిపిన శిలామూర్తి ఉన్నది. అందు బేకన్ కుర్చీలో వెనుకకు ఒరిగి, తల చేతిపై ఆనించి కూర్చుండి యున్నాడు.